నాలుగు జానలు

ఇసుకను కంటితో చూసి మంచీచెడ్డా చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. పిడికిలమ్మ చేత్తో చూసేది. కుప్పలోంచి గుప్పెడు తీసి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, పిడికిలి గట్టిగా బిగించి మెల్లగా విప్పేది. ముద్ద నిలబడి అరచెయ్యి శుభ్రంగా ఉంటే ఆ ఇసుక పనికొస్తుంది. ముద్ద ఎంత చక్కగా నిలబడినా, చేతి గీతల్లో బూడిదరంగు బురద మీగడలా మిగిలిందంటే మళ్ళీ కడగాల్సిందే. పదకొండేళ్ళుగా రోజుకు ముప్పైసార్లు ఇదే పని కాబట్టి గనిలో అందరికీ ఆమె పిడికిలమ్మ అయింది. ఇంట్లో పెట్టిన పేరు ఇంకోటి ఉంది గాని, అది మా అన్నయ్యకే గుర్తులేదని మరిది ఆటపట్టిస్తుండేవాడు.

గని చిన్నది. కిందికి దిగేది ముప్పైమంది, పైన పనిచేసేది పదిమంది. కింద రాయి తవ్వి తీసినచోట ఓ గదంత ఖాళీ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేసి పక్క రాయి మీద చెయ్యి వేస్తే పైకప్పు నెత్తిమీదికొస్తుంది. అందుకని ముందు ఆ ఖాళీని నింపాలి. పైకి తెచ్చిన రాయిని మిల్లులో మెత్తగా కొట్టి, కావలసింది తీసుకున్నాక మిగిలే ఇసుకనే కడిగి, సిమెంటు కలిపి, గొట్టంలోంచి తిరిగి కిందికి పంపుతారు. అది గట్టిపడితే గోడవుతుంది. ఆ గోడ అండ చూసుకుని పక్క రాయి తీస్తారు.

"దాని కడుపులోది మనం తినేసి ఎంగిలి దానికే పెడతాం" అనేది తోడికోడలు. ఆమే పిడికిలమ్మకు పనిలో జోడీ. పార ఆమెది, కొలత పిడికిలమ్మది.

ఆ సోమవారం ఇద్దరూ మూడో తొట్టి కడుగుతున్నారు. మిల్లు ఇసుకలో పిండిలాంటి బురద ఉంటుంది. తొట్టిలో నీళ్ళు నిలగట్టి పారతో కలియబెడితే ఇసుక అడుక్కి దిగుతుంది, బురద పైన తేలుతుంది. ఆ బురదనీళ్ళు ఒంపేసి మళ్ళీ కొత్తనీళ్ళు పట్టాలి. అలా మూడుసార్లు. బురద మిగిలితే అది నీళ్ళను పట్టుకుని వదలదు, సిమెంటునూ పట్టనివ్వదు. నెలలు గడిచినా లోపల పచ్చిగానే ఉంటుంది.

మూడో నీళ్ళు ఒంపుతుండగా, పని ముగిసే కూతకి ఇంకా గంట ఉందనగానే, కిందివాళ్ళు పైకి రావడం మొదలుపెట్టారు. మనుషుల్ని దింపి ఎక్కించే బోను ఇద్దరిద్దరినే పడుతుంది. దిగినవాళ్ళు దిగినట్టే దీపాల గది ముందు అరుగుమీద కూర్చున్నారు. ఎవరూ దీపం వెనక్కివ్వలేదు, ఎవరూ కాళ్ళు కడుక్కోలేదు.

మరిది తిన్నగా తొట్ల దగ్గరికొచ్చాడు. మొహమంతా రాతిపిండి, పళ్ళు మాత్రం తెల్లగా.

"వదినా, నువ్వు కట్టిన గోడ ఏడుస్తోంది. వెళ్ళి ఓదార్చు."

"ఏడవడమేంటి? సరిగ్గా చెప్పి చావు."

"అయిదో గది పక్కన రాయికి బెజ్జం వేస్తున్నాం. ఇంకో మూరెడు పోతే నీ గోడ తగులుతుంది. ఈలోపే బెజ్జంలోంచి నీళ్ళు. మామూలు నీళ్ళయితే గనిలో వింతేముంది? గోడకి వేసే సున్నంలా చిక్కగా, బూడిదరంగులో."

"ఎంత ఎత్తులో?"

అతను చెయ్యెత్తి తన రొమ్ముమీద పెట్టుకున్నాడు. "ఇదిగో, ఇక్కడ."

పిడికిలమ్మ తొట్టిలోకి చూస్తూ ఉండిపోయింది. గది నింపేటప్పుడు రోజుకు జానెడు ఎత్తు లేస్తుంది. కింది నుంచి అయిదు జానలంటే బొడ్డు ఎత్తు. అక్కణ్ణించి నాలుగు జానలు పోతే తల ఎత్తు. ఆ లెక్క ఆమె చెయ్యక్కర్లేకుండానే అయిపోయింది. పక్కనున్న తోడికోడలు పార నీళ్ళల్లో వదిలేసింది.

అరుగుమీద పెద్ద డ్రిల్లరు మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. మాట పెంచే మనిషి కాదు. నలభై ఏళ్ళ డ్రిల్లు మోత వల్ల చెవులు మందగించి, ఎదుటివాళ్ళకి కూడా వినపడదేమో అన్నట్టు ఒక్కో మాటా విడదీసి అనేవాడు.

"ఆ రాయి పేలిస్తే మాకు అడ్డుండేది ఆ గోడొక్కటే. అది గోడో గంజో తెలియాలి. కలిపినవాళ్ళని దింపండి. దాని పక్కన నిలబడి వాళ్ళ నోటితో చెప్పమనండి."

"ఆడవాళ్ళు కిందికి దిగడం ఇక్కడెప్పుడైనా ఉందా?" అన్నాడు మేస్త్రీ.

"మేం పని ఆపడం కూడా ఎప్పుడూ లేదు."

*

రెండు కుటుంబాలదీ ఒకే వాకిలి. ఇటు రెండు గదులు పిడికిలమ్మవి, అటు రెండు మరిదివి. ఆమె భర్త దర్జీ. ఊళ్ళోవాళ్ళ బట్టలతోపాటు గనికి గోనెపట్టాలు కూడా కుట్టేవాడు. నింపే గదికి వాకిట్లో చెక్కలతో అడ్డుకట్ట కట్టి లోపలివైపు ఆ పట్టాలు తొడిగిస్తే, ఇసుక ఆగి నీళ్ళు మాత్రం బయటికి కారిపోతాయి. ఆ సాయంత్రం కూడా అదే కుడుతున్నాడు. మిషను మీద గోనె సరసరమని జారుతోంది.

పిడికిలమ్మ కంచం ముందు పెట్టుకుని కెలుకుతూ కూర్చుంది.

అయిదో గది నింపేటప్పటి ఆ నాలుగు రోజులూ ఆమెకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పంపు కాలిపోయింది. తాగే నీళ్ళు కూడా డబ్బాలతో మోసుకొచ్చారు. "నీళ్ళు లేకుండా ఇసుక ఎలా కడగమంటారు?" అని ఆమె మేస్త్రీని అడిగింది. అప్పటికే గది అయిదు జానలు నిండింది. మధ్యలో ఆపితే అతుకు సరిగ్గా పడదని, పైనుంచి మాటొస్తుందని మేస్త్రీ గోల. "నాలుగు రోజులేగా, పోసెయ్. మీదా కిందా మంచిదే ఉంటుంది, మధ్యలో ఉన్నది ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. "నీకు జీతమిచ్చేది కలపడానికా, వాదించడానికా?" అన్నాడు. తడి ఇసుక వచ్చింది వచ్చినట్టే కలిపి ఆమె పోసింది. సాయంత్రం రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. 'కడిగిన ఇసుక' అని అతనే రాసుకొచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. నాలుగు రోజులూ పెట్టింది. ఒకరోజైతే చేతికి సిమెంటుందని తాగే నీళ్ళతో కడుక్కుని మరీ వచ్చి పెట్టింది.

తోడికోడలు వచ్చి గడపమీద కూర్చుంది. గొంతు తగ్గించి, "అక్కా, అది ఆ నాలుగు రోజులదే కదూ?" అంది.

"నీకు తెలీదా?"

"తెలుసు గనకే అడుగుతున్నా. ఏం చేద్దాం?"

"నాకు తెలిస్తే ఈపాటికి తినేదాన్ని."

వాకిట్లో మరిది మొహం కడుక్కుంటూ గొంతెత్తి పాట అందుకున్నాడు. ఆ గొంతుకి కుక్కలు లేచి పారిపోయేవి. ఎప్పటిలా అయితే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

*

మర్నాడు పొద్దున్నే మేనేజరు కబురు పెట్టాడు. మనిషి మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. పదకొండేళ్ళలో ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదలు. అంచుమీద కూర్చుంది. మేస్త్రీ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

బల్లమీద రిజిస్టరు తెరిచి ఉంది.

"ఇది నీ సంతకమేగా?"

"నాదేనండి."

"ఇరవై రెండు రోజులు నింపారు. ఇరవై రెండు రోజులూ కడిగిన ఇసుక అనే ఉంది."

"మధ్యలో నాలుగు రోజులు పంపు కాలిపోయిందండి. నీళ్ళు లేవు. మేస్త్రీగారికి చెప్పాను."

మేనేజరు గుమ్మంవైపు చూశాడు. మేస్త్రీ చెవి గోక్కున్నాడు. "నాతోనా? నాకైతే గుర్తులేదండి. పంపు చెడింది నిజమే. డబ్బాలతో నీళ్ళు తెప్పించాం కదా. వాటితో కడిగారనుకున్నాను."

పిడికిలమ్మ అతన్ని చూసింది. అతను కిటికీ చూస్తున్నాడు. తాగే నీళ్ళ డబ్బాలు! ఆ నీళ్ళతో తొట్టి అడుగు కూడా తడవదు. ఆ సంగతి అతనికీ తెలుసు, బల్ల అవతలున్న మనిషికీ తెలుసు.

"చూడమ్మా" అన్నాడు మేనేజరు, పిల్లలకి లెక్క చెప్పినంత ఓపిగ్గా. "కింద ఓ చోట కాస్త తడి ఉందనుకో. ఉంటుంది, గని అన్నాక. కాని అది బురదే అని నువ్వన్నావనుకో, కలిపిన చెయ్యి ఎవరిదంటారు? మేస్త్రీదా? నాదా? రేపు కిందికి దిగు, గోడ మీద చెయ్యి వెయ్యి, గట్టిగా ఉందని ఒక్కమాట చెప్పు. వాళ్ళు నీ మాట వింటారు. నువ్వంటే గౌరవం."

ఆమె కప్పు ముట్టుకోలేదు. టీ మీద తొరక కట్టింది.

"అన్నట్టు మీ మరిది ఆ గదిలోనే కదూ? పిల్లలు గలవాడు. పైన బోను లాగే వించి దగ్గర ఓ నమ్మకమైన మనిషి కావాలి. ఎల్లుండి నుంచి అతన్ని పైకి తీసుకుందామనుకుంటున్నాను."

అప్పుడర్థమైంది ఆమెకు, ఆయనకి అంతా తెలుసని. గోడ గట్టిదని నమ్మే మనిషయితే మరిదిని పైకి లాగాల్సిన పనేముంది?

*

ఆ మాట తోడికోడలికి చెప్పకుండా ఉండాల్సిందేమో. కాని దాచే అలవాటు ఆ ఇద్దరి మధ్యా లేదు. బట్టలారేస్తూ చెప్పింది.

తోడికోడలు తడిచొక్కా చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయింది. తర్వాత గబగబా, "ఒప్పుకో అక్కా" అంది.

"మరి ఆయన చోట్లో ఇంకోడు దిగుతాడుగా?"

"దిగేవాడికీ పెళ్ళాం ఉంటుంది. వాడి సంగతి ఆవిడ చూసుకుంటుంది. నాకు నా మొగుడు పైనుంటే చాలు."

"నిజంగా అంటున్నావా?"

"నిజంగానే అంటున్నా. నేను మంచిదాన్ని కాదు, సరేనా? మంచిదాన్నని ఎప్పుడైనా చెప్పానా?" చొక్కాని గట్టిగా విదిలించింది. నీళ్ళు పిడికిలమ్మ మొహాన పడ్డాయి. "ఇంకోటి కూడా చెప్తా విను. ఆ నాలుగు రోజులూ పార పట్టింది నేను. నువ్వు నోరు విప్పితే నీతోపాటు నేనూ రోడ్డునపడతాను. నన్ను అడిగావా?"

పిడికిలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. అడగలేదు, నిజమే.

రాత్రి తిళ్ళవ్వకముందే భర్త మిషను ఆపి, కొలత టేపు మెళ్ళో వేసుకుని వచ్చాడు. సంగతంతా అతనికి తెలుసు. రెండు గదుల ఇంట్లో తెలియకుండా ఉండేదేముంటుంది? ఏం చెయ్యమంటాడో అని ఆమె ఎదురుచూసింది.

"ఈ బట్టలతో కింద కుదరదు, బోనులో తట్టుకుంటాయి" అన్నాడు. "నా ప్యాంటు ఒకటి తగ్గించి కుడతాను. ఇటు తిరుగు, నడుం కొలవాలి."

ఆమె తిరిగింది. అతను కొలిచి, సుద్దతో గోడమీద అంకె రాసుకుని, మళ్ళీ మిషను దగ్గరికెళ్ళాడు.

*

బుధవారం పొద్దున బోనులో పెద్ద డ్రిల్లరు పక్కన నిలబడి పిడికిలమ్మ కిందికి దిగింది. ముందు చల్లగా తగిలింది, పోనుపోను ఉక్కపోసింది. గోడలమీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. పైన ఆకాశం ముందు పళ్ళెమంత అయింది, తర్వాత బొత్తామంత అయింది, తర్వాత లేదు. ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే ఆయన చూస్తాడనిపించింది.

అయిదో గది పక్కకి చేరేసరికి మేనేజరూ మేస్త్రీ అప్పటికే అక్కడున్నారు. గనివాళ్ళు ఏడుగురు పక్కకి జరిగి దారిచ్చారు. అందరి నెత్తిన దీపాలు ఒక్కసారిగా ఆమె మీద పడి, మళ్ళీ మర్యాదగా నేలకి దిగాయి. మరిది చివర నిలబడ్డాడు. మామూలుగా అయితే ఆ ప్యాంటు మీద పది జోకులేసేవాడు. ఈసారి వెయ్యలేదు.

పేలుడుమందు పెట్టకుండా, ఉలీ సుత్తీ పట్టి మనిషి దూరేంత వెడల్పున రాయిని నేల నుంచి తల ఎత్తు దాకా చెక్కి ఉంచారు. ఆ సందులో ఆమె గోడ కనపడుతోంది.

పిడికిలమ్మ దాన్ని అంతకుముందెప్పుడూ చూడలేదు. పదకొండేళ్ళుగా జావలాంటిదాన్ని గొట్టంలో పోయడమే గాని, కింద అదేమవుతుందో ఆమెకు తెలీదు. దీపం వెలుగులో ఆ గోడ చారలు చారలుగా, రోజుకో గీత చొప్పున పేర్చినట్టుంది. ఒంగుని అడుగున గోరుతో గీసింది. గోరు అరిగింది గాని గోడ అరగలేదు. ఒకతను అందించిన ఇనపకడ్డీతో కొడితే ఖంగుమంది. ఇది నేను చేశాను, అనిపించింది ఆమెకు. ఎంత వద్దనుకున్నా లోపల ఓ మెచ్చుకోలు లేచింది.

ఒక్కో గీతా లెక్కపెడుతూ చెయ్యి పైకి జరిపింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

ఆరో గీత దగ్గర కడ్డీ చప్పుడు మారింది. తడిసిన కట్టెమీద కొట్టినట్టు వచ్చింది. ఆమె కడ్డీ వెనక్కిచ్చేసి వేలు పెట్టింది. వేలు రెండు కణుపుల దాకా దిగింది.

"గట్టిగానే ఉందిగా?" అన్నాడు వెనకనుంచి మేనేజరు.

ఆమె గుప్పెడు గీరి తీసి పిడికిలి బిగించి విప్పింది. ఎవరి కోసమో కాదు, అలవాటు. అందరి దీపాలూ ఆ అరచేతి మీదికి వచ్చాయి. గీతలు కనపడనంత బురద.

"ఇక్కణ్ణించి" అంది, బొడ్డు ఎత్తున చెయ్యి పెట్టి. తర్వాత మునికాళ్ళ మీద లేచి తన తలకి కొంచెం పైన పెట్టింది. "ఇక్కడిదాకా. నాలుగు జానలు. ఇది కడగని ఇసుక. నేనే కలిపాను."

ఎక్కడో నీటిచుక్క రేకుమీద పడుతోంది.

"అబద్ధం!" అన్నాడు మేస్త్రీ. "రిజిస్టర్లో కడిగిన ఇసుకని ఉంది. సంతకం కూడా ఈవిడదే."

"సంతకం నాదే. రిజిస్టర్లో ఉన్న అబద్ధం కూడా నాదే" అంది పిడికిలమ్మ. "పంపు కాలిపోయింది, నీళ్ళు లేవని చెప్పాను. పోసెయ్ అన్నాడు. పోశాను. ఆయన చెప్పాడు కదా అని నేను పోశాను, నేను పోశాను కదా అని మీరు ఈ పక్కన పనిచేశారు."

వాళ్ళు ఏదో ఒకటి అంటారనుకుంది. మెచ్చుకుంటారని కాదు, కనీసం మేస్త్రీ మీద పడతారేమోనని. పెద్ద డ్రిల్లరు ఆమెవైపే చూస్తున్నాడు.

"మూడు నెలలు" అన్నాడాయన, మాట మాటకీ ఆగుతూ. "అవతల గోడుందన్న ధైర్యంతో మూడు నెలలు ఈ రాయి కింద కూర్చుని క్యారియర్లు విప్పుకున్నాం. నువ్వు పైన రోజూ మాకు ఎదురుపడేదానివి. పనెలా ఉందని అడిగేదానివి."

"అవును."

"ఒక్కరోజు కూడా నోరు రాలేదా?"

రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకే తెలీదు. మొదటి వారం భయం. తర్వాత, ఏమీ కాలేదు కదా అనే నమ్మకం. ఆ తర్వాత నిజంగానే మర్చిపోయింది. ఆ మర్చిపోవడమే చెప్పడానికి అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

"ఇలాంటిది ఇంకెక్కడైనా ఉందా?"

"లేదు. ఇదొక్కటే."

"ఒట్టా?"

"ఒట్టెందుకు? మూడో గదీ, ఆరో గదీ కూడా ఇలాగే చెక్కండి. చెక్కినంతసేపూ నేను పక్కనే నిలబడతాను."

ఆయన జేబు తడుముకున్నాడు. సుద్దముక్క తీసి, ఆమె చూపించిన రెండుచోట్లా రాయిమీద అడ్డగీతలు గీసి, మధ్యలో పెద్ద ఇంటూ గుర్తు పెట్టాడు. అందరూ వరసగా బోనువైపు నడిచారు. పైకి వచ్చేటప్పుడు ఆమె పక్కన ఎవరూ ఎక్కలేదు. ఇద్దరు పట్టే బోనులో ఒక్కతే వచ్చింది.

*

ఆ రాయిని ముట్టుకోకుండా వదిలెయ్యాలని గురువారం నిర్ణయమైంది. ఏడుగురినీ దూరంగా ఉన్న ఇంకో గదికి మార్చారు. అక్కడ రాయి గట్టిది, గాలి తక్కువ. రోజంతా కష్టపడినా సగం పని కూడా తెగదు. మేస్త్రీ మేస్త్రీగానే ఉన్నాడు. పిడికిలమ్మనీ తోడికోడల్నీ మిక్సరు దగ్గర్నించి తీసేసి ఏరుడు పనికి వేశాడు. మిల్లు నుంచి వచ్చే ఇసుకలో చెక్కపేళ్ళు, గుడ్డపీలికలు, తీగముక్కలు గొట్టానికి అడ్డుపడకుండా ఏరే పని అది. ఎండలో ఒంగుని కూర్చోవాలి. మిక్సరు దగ్గరికి లోడింగు మనిషి ఒకడొచ్చాడు. కండగలవాడు, మంచివాడు. సిమెంటు కొలత తప్పేవాడు కాదు గాని, ఇసుకంటే ఇసుకే కదా అనుకునేవాడు.

తోడికోడలు పక్కనే కూర్చుని రెండు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో కూడా పిల్లల్తో కబురంపేది, "పెద్దమ్మని అడిగి గిన్నె తీసుకురా" అని.

శుక్రవారం సాయంత్రం మరిది వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. వించి సంగతి అతనికి పెళ్ళామే చెప్పేసింది, కోపంలో.

"వదినా, నాకు నీ మీద కోపం రెండు రకాలుగా ఉంది. ఏది ముందు చెప్పను?"

"నీ ఇష్టం."

"మూడు నెలలు చెప్పకపోవడం ఒకటి. రెండోది, వాళ్ళు నన్ను పైకి తీసుకుంటామంటే నువ్వు ఓ రాత్రంతా ఆలోచించావట. నా చోట ఎవణ్ణి దింపుదామనుకున్నావు?"

"ఆలోచించాను" అంది ఆమె. "ఆలోచించలేదంటే నమ్ముతావా?"

అతను "నమ్మను" అని లోపలికెళ్ళిపోయాడు. ఆ రాత్రి అటుగదిలో మొగుడూ పెళ్ళాం చాలాసేపు వాదించుకున్నారు. మాటలు వినపడలేదు.

*

మళ్ళీ సోమవారం ఏడో గది నింపడం మొదలుపెట్టాలి. కింద అడ్డుకట్ట సిద్ధమైంది, గోనెపట్టాలు తొడిగారు. పొద్దున కూత అయినా గనివాళ్ళు దీపాలు తీసుకోలేదు. మళ్ళీ అరుగుమీద కూర్చున్నారు, ఈసారి ముప్పైమందీ. మేనేజరు స్వయంగా వచ్చాడు.

"ఇప్పుడేమైంది?"

"ఇసుక దగ్గర ఆవిడుండాలి" అన్నాడు పెద్ద డ్రిల్లరు.

ఏరుతున్న పిడికిలమ్మ చెయ్యి ఆగింది. ఎవరి గురించో ముందు ఆమెకు అర్థం కాలేదు.

మేనేజరు నవ్వాడు. "ఎవరు? మీకు మూడు నెలలు అబద్ధమాడిన మనిషా?"

"ఆ మనిషే. అబద్ధమాడిందన్న సంగతి మాకు ఆమె చెప్పింది. మీరు చెప్పలేదు."

మేనేజరు నవ్వు అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

"ఇంకోటి" అన్నాడు పెద్ద డ్రిల్లరు. "రిజిస్టరు మా దగ్గరుంటుంది. మావాడొకడు రోజూ తొట్ల దగ్గర కూర్చుంటాడు. గది నిండుతున్నప్పుడు వారానికోసారి ఆవిడ కిందికి దిగి చూడాలి."

అంటే నమ్మకమూ ఉంది, కాపలా కూడా ఉంది. పిడికిలమ్మకి రెండోది చురుక్కుమంది. కాని కాదనడానికి ఆమె దగ్గర ఏముంది? మేనేజరు సరేనని తలూపాక ఆమె లేచి, మోకాళ్ళు దులుపుకుని, తొట్ల దగ్గరికి నడిచింది. సగం దూరం వెళ్ళి ఆగి, "నాకు పారమనిషి కావాలి. నా మనిషే కావాలి" అంది వెనక్కి తిరక్కుండా. ఎవరూ అడ్డు చెప్పలేదు. తోడికోడలు లేచొచ్చి, లోడింగు మనిషి చేతిలోంచి పార లాక్కున్నంత పని చేసింది. మొహం మాత్రం ఇంకా ముడుచుకునే ఉంది.

కాపలాకి దగ్గుతాత వచ్చి కుర్చీ వేసుకున్నాడు. రాతిపిండి పీల్చి పీల్చి దిగే ఓపిక పోయిన పాత గనివాడు. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, పెన్ను చెవికి దోపుకున్నాడు.

పదింటికల్లా కిందివాళ్ళు గొట్టం చివర సర్దుకుని కబురు పెట్టారు. సరిగ్గా అప్పుడే పంపు సన్నగిల్లింది. చేతి మందాన పడే ధార వేలంత అయింది. రెండు నీళ్ళు ఒంపడం అయింది. మూడోది తొట్టిలో సగానికి కూడా రాలేదు.

మేస్త్రీ దూరంగా నిలబడి, ఎవరితోనో అన్నట్టు, "రెండు నీళ్ళు పడ్డాయిగా. చాల్లే" అన్నాడు.

పిడికిలమ్మ దగ్గుతాతని చూసింది. ఆయన ఇబ్బందిగా కదిలాడు. "కింద అంతమంది ఖాళీగా ఉన్నారమ్మా. పని తెగక వారమైంది. రెండైతే... మరీ అంత నష్టమా?"

ఆమె చెయ్యి ముంచి, తీసి, ఆయన ముందు విప్పింది. ఆయన కళ్ళు చికిలించి చూసి, చెవిమీంచి తీసిన పెన్ను మళ్ళీ చెవికే పెట్టుకున్నాడు.

"చాలవు" అంది ఆమె.

మిక్సరు పక్కన కిందికి మాట్లాడే ఫోను మోగింది. పెద్ద డ్రిల్లరు.

"ఏంటి, పైన నిద్రపోతున్నారా?"

"కడుగుతున్నాం."

"ఇంకెంతసేపు?"

"నీళ్ళు సన్నగా వస్తున్నాయి. మధ్యాహ్నం దాకా పట్టొచ్చు."

అవతల సణుగుళ్ళు వినపడ్డాయి. ఎవరో పార నేలకేసి కొట్టారు. ఈవిడతో చచ్చాంరా బాబూ అని ఓ గొంతు, బహుశా మరిదిదే. దగ్గర్లో పెద్ద డ్రిల్లరు ఊపిరి వినపడుతోంది. ఆమె ఫోను చెవికి నొక్కుకుని నిలబడింది.

"సరే" అన్నాడు చివరికి. "అయ్యాక చెప్పు."

ఆమె ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి, తోడికోడలు రెండో తొట్టికి వెళ్ళే నీళ్ళు ఆపేసి, ఉన్న ధారంతా ఇటు మళ్ళించి, కలియబెట్టడానికి పార ఎత్తి నిలబడి ఉంది.

"జరుగు అక్కా" అంది చిరాగ్గా. "నీ కాలు నీళ్ళకి అడ్డం."